పాతకాలపు రివాల్వర్‌తో ఆత్మరక్షణ ఎంతవరకు?

అమెరికాలో పాతకాలపు చేతి తుపాకీని నడుముకు పెట్టుకుని తిరగడం చాలామందికి ఒక ఇష్టం. దుకాణానికి వెళితే పదిహేను తూటాలు పట్టే నేటి పిస్టల్ దొరుకుతుంది. అది వద్దనుకుని 1911 నమూనా కోల్ట్ పిస్టల్‌నో, ఆరు తూటాల రివాల్వర్‌నో కొనేవారు నచ్చి కొంటారు. కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో లైసెన్స్ ఉన్న మనిషి పరిస్థితి వేరు. ఆయన మొలలో ఉండేది చాలావరకు .32 బోరు (గొట్టం లోపలి వ్యాసం) రివాల్వర్. అది పేల్చే తూటా నమూనా 1896 నాటిది. తుపాకీ నిన్న కొన్నదైనా, తాత నుంచి వచ్చినదైనా తూటా మాత్రం అదే. చట్టం ఇక్కడ మోయనిచ్చేదే పాతకాలపు ఆయుధం కాబట్టి, దానితో ప్రాణం కాపాడుకోవడం ఎంతవరకు కుదురుతుంది, అందుకు ఏమేం కావాలి అన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం. తుపాకీ వయసు కన్నా దాని మరమ్మతు, దాన్ని పట్టుకున్న చేతి సాధన చాలా ఎక్కువ తేడా తెస్తాయి. సీమలో తుపాకీ లైసెన్సుల గురించి జరిగే చర్చ హోదా చుట్టూ, రాజకీయం చుట్టూ తిరిగి ఈ రెండింటినీ పూర్తిగా వదిలేస్తోంది.

ముందుగా ఈ .32 బోరు సంగతి. 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నిబంధనలు తుపాకులను నిషిద్ధ బోరు, నిషేధం లేని బోరు అని విడదీశాయి. సైన్యం, పోలీసులు వాడే తూటాలను పేల్చగల పిస్టళ్లు, రివాల్వర్లు నిషిద్ధ కోవలోకి వెళ్లాయి. 9 ఎంఎం, .380, .455 అన్నీ అందులోవే. వాటికి లైసెన్స్ కేంద్ర ప్రభుత్వం ఇవ్వాలి, మామూలు పౌరుడికి అది దాదాపుగా దొరకదు. పోలీసు ఠాణా నుంచి దొంగిలించిన తూటా పౌరుడి తుపాకీలో పేలకూడదన్నది ఈ ఏర్పాటు వెనక ఉన్న ఆలోచన. అది సబబైనదే. దానికి తోడు 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు ఆగిపోయింది. అంతకుముందు వచ్చిన వెబ్లీ అండ్ స్కాట్, కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లు చేతులు మారుతూ ఇప్పటికీ తిరుగుతున్నాయి, ఒక్కొక్కటి లక్షల్లో పలుకుతోంది. ఆ ధరలో ఎక్కువ భాగం పేరుకే.

దేశంలో తయారయ్యేవాటి వంశం కూడా అదే. కాన్పూర్ కర్మాగారంలో తయారయ్యే .32 రివాల్వర్‌కు మూలం బ్రిటిష్ వెబ్లీ నమూనా. 2014లో మహిళల రక్షణ కోసమని ప్రచారం చేసి తెచ్చిన ‘నిర్భీక్’ కూడా ఆ కోవదే. టైటానియం మిశ్రమం వాడి బరువును అర కిలోకు తగ్గించారు, ధర మాత్రం లక్షా ఇరవై వేలు దాటించారు. 2021లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను నడిపిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీ 2023 ఆగస్టులో ‘ప్రబల్’ అనే రివాల్వర్ తెచ్చింది. అందులో తూటాలు నింపే సిలిండర్ పక్కకు తెరుచుకుంటుందని, 50 మీటర్ల దాకా పనిచేస్తుందని గొప్పగా చెప్పారు. పక్కకు తెరుచుకునే సిలిండర్‌ను అమెరికాలో కోల్ట్ కంపెనీ 1889లోనే తెచ్చింది. మన దగ్గర పౌరుడికి అందే ఆయుధం ఎంత వెనక ఉండిపోయిందో ఈ ఒక్క పోలిక చాలు.

వెనకబడిన మాట నిజమే అయినా అది పనికిరాదని తీర్మానించడం తొందరపాటు. .32 రివాల్వర్ గుండు బరువు ఆరు గ్రాముల పైచిలుకు. సెకనుకు రమారమి 210 మీటర్ల వేగంతో వెళుతుంది. లెక్క కడితే దాని శక్తి 150 జౌల్‌ల దరిదాపుల్లో తేలుతుంది. 9 ఎంఎం గుండుకు ఉండే శక్తిలో ఇది సుమారు మూడో వంతు. గుండు తగలగానే మనిషి ఎగిరిపడతాడని వెండితెర మీద చూసి నమ్మేవారు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. చిన్న గుండు తగిలిన మనిషి గుండె, వెన్నెముక, మెదడు లాంటి చోట దెబ్బ పడకపోతే ఇంకొన్ని అడుగులు ముందుకు రాగలడు, చేతిలోది విసరగలడు. ఎక్కడ తగిలిందన్నదే అక్కడ తేల్చేది. ఆ విషయంలో ఈ తూటాకు ఒక మేలు ఉంది. పేలినప్పుడు చేతిని వెనక్కి తన్నే దెబ్బ చాలా తక్కువ. వయసు మళ్లినవారు, సన్నటి చేతులున్నవారు కూడా గురి చెదరకుండా రెండోసారి, మూడోసారి పేల్చగలరు. అంతర్జాతీయ గురి పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ విభాగంలో ఇదే తూటాను ఇప్పటికీ వాడటానికి కారణం ఆ నెమ్మదితనమే.

రివాల్వర్‌కు ఉన్న ఇంకో మేలు దాని సాదాతనం. తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, సిలిండర్ తిరిగి తరవాతి తూటా, దాన్ని కొట్టి పేల్చే హ్యామర్ ఎదుటికి వస్తుంది. అదే పిస్టల్ అయితే రెండో చేత్తో తుపాకీ పైభాగంలో జరిగే స్లైడును వెనక్కి లాగి పేలని తూటాను బయటికి తోయాలి. ఇంకో చేయి దాడి చేసినవాడిని ఆపుతూ ఉన్నప్పుడు ఇది చిన్న తేడా కాదు. అయితే ఆ సాదాతనానికి ఖరీదు ట్రిగ్గర్ బరువు. పాత డబుల్ యాక్షన్ రివాల్వర్లలో హ్యామర్ ఎత్తకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కాలంటే వేలికి నాలుగైదు కిలోల బలం కావాలి. తుపాకీ బరువు ముప్పావు కిలో. తన బరువుకు సుమారు ఆరు రెట్ల బలంతో లాగుతుంటే గొట్టం కదలకుండా ఉండటం అలవాటు లేని చేతికి అసాధ్యం. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న మనిషికి తగలకుండా గుండ్లు పక్కకు పోవడానికి ఎక్కువగా ఇదే కారణం. తప్పును తుపాకీ మీదికి నెట్టేవారు ఆ ట్రిగ్గర్‌ను ఎన్నిసార్లు సాధన చేశారో చెప్పరు.

వెబ్లీ తరహా రివాల్వర్‌లో తూటాలు మార్చడం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. హ్యామర్ పక్కనున్న గడియను బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తుపాకీ కీలు దగ్గర విరిగినట్టు తెరుచుకుంటుంది. సిలిండర్ మధ్య నుంచి నక్షత్రం ఆకారంలో ఉన్న పలక పైకి లేచి, పేలిన ఆరు తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలనూ ఒకేసారి బయటికి నెట్టి, టక్కున లోపలికి పోతుంది. చూడముచ్చటైన పనితనం. ఆ తరవాత మాత్రం ఒక్కో తూటానే వేలితో తోయాలి. ఇత్తడి అడుగున ‘కేఎఫ్’ అని ముద్ర ఉన్న, ఖడ్కీ కర్మాగారం తూటాను వణుకుతున్న వేళ్లతో చీకట్లో ఆ రంధ్రంలోకి దించడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే తెలుస్తుంది. అందుకే దాడి జరుగుతున్న సమయంలో ఆ ఆరు తూటాలే మొత్తం మందుగుండు అనుకోవాలి. జేబులో ఉన్న మరో ఆరు, ఆ గొడవ ముగిశాక మాత్రమే అక్కరకొస్తాయి.

ఇప్పుడు ఈ ఆరు తూటాలను సీమలో జరిగే దాడుల పక్కన పెట్టి చూడాలి. ఇక్కడ పగలు తీర్చుకున్న తీరు ఒంటరి మనిషి పిస్టల్‌తో ఎదురుపడటం కాదు. నాటు బాంబు, వేటకొడవలి, అడ్డంగా పెట్టిన వాహనం, వెంట పదిమంది. 2017 మే 21న కర్నూలు జిల్లాలో వైఎస్సార్ కాంగ్రెస్ నాయకుడు చెరుకులపాడు నారాయణరెడ్డి హత్య అలాంటిదే. ట్రాక్టర్లతో దారి కాసి, మూకుమ్మడిగా మీద పడ్డారు. తుపాకీ లైసెన్స్ రెన్యువల్ కాక ఆయన చేతిలో ఆయుధం లేదన్న విషయం అప్పట్లో పెద్ద వివాదమైంది. రెన్యువల్ దరఖాస్తు పెట్టుకున్న మనిషికి సకాలంలో జవాబు ఇవ్వకపోవడం ఏ ప్రభుత్వంలో జరిగినా అన్యాయమే, బెదిరింపులున్న మనిషి విషయంలో మరీ అన్యాయం. కానీ అంతమంది చుట్టుముట్టినప్పుడు, వాహనం కదలని చోట, ఆరు తూటాలు ఎంతవరకు నిలబడతాయన్న ప్రశ్న వేరు, దానికి నిబ్బరంగా జవాబు వెతకాలి. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవి హత్య ఇంకో రకం. పార్టీ కార్యాలయం ఆవరణలో, సొంత మనుషుల మధ్య, అంగరక్షకులున్న మనిషి మీద తుపాకీతో దాడి చేశారు. ఎంపిక చేసుకున్న సమయం, చోటు ఎప్పుడూ దాడి చేసేవాడివే. మొలలో తుపాకీ ఆ లోటును కొంత పూడుస్తుంది తప్ప మొత్తం పూడ్చదు.

కొడవలి పట్టుకున్నవాడు ఎంత దూరంలో ఉంటే తుపాకీ తీయడానికి సమయం దొరుకుతుంది? దీనికి 1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ ట్యూలర్ ఒక లెక్క ఇచ్చాడు. పరుగెత్తే మనిషి 21 అడుగులు, అంటే సుమారు ఆరున్నర మీటర్లు, ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. శిక్షణ ఉన్న పోలీసుకు ఒర నుంచి పిస్టల్ తీసి గురిపెట్టి పేల్చడానికి సుమారుగా అంతే సమయం పడుతుంది. సాధన లేని పౌరుడు, చొక్కా కింద దాచిన రివాల్వర్, తోలు ఒరకు పైన బిగించిన గుండీ. ఈ మూడూ కలిస్తే ఒకటిన్నర సెకను ఏ మూలకూ చాలదు. పక్కకు తప్పుకోవడం, కారు తలుపును, బల్లను అడ్డం పెట్టుకోవడం, అసలు ఆ దూరంలోకి రానివ్వకపోవడం ముందు జరగాలి. ఇక్కడ 9 ఎంఎం పిస్టల్ ఉన్నా సమయం లెక్క మారదు. పాత ఆయుధం మీద చేసే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క విషయం దగ్గరే వీగిపోతాయి.

తూటాల సంఖ్య నిజంగా తేడా తెచ్చిన సందర్భాలు లేవని కాదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదొంగలతో జరిగిన కాల్పుల్లో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇద్దరు ఏజెంట్లను కోల్పోయింది. వారి బృందంలో చాలామంది చేతుల్లో ఉన్నవి రివాల్వర్లు. ఆ ఘటన తరవాతే అమెరికా పోలీసు విభాగాలు వేగంగా పిస్టళ్ల వైపు మళ్లాయి. అయితే పోలీసు పని దుండగుణ్ని వెంటాడి పట్టుకోవడం. పౌరుడి పని అక్కడి నుంచి బతికి బయటపడటం. పోలీసు అవసరాన్ని కొలమానంగా పెట్టుకుని పౌరుడి ఆయుధాన్ని తూచడం సరికాదు.

సీమలో రోజూ తుపాకీ మోసేవారందరూ ముఠా తగాదాలున్నవారూ కారు. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో సరుకుతో ప్రయాణించే వ్యాపారులున్నారు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు గనులు, రాతి పరిశ్రమల యజమానులున్నారు, కూలి డబ్బు చేరవేసే గుత్తేదారులున్నారు. వీరికి ఎదురయ్యే ప్రమాదం ఎక్కువగా దోపిడీ. ఒకరిద్దరు మనుషులు, చేతికందే దూరం, కొద్ది సెకన్లు. ఈ కొలతకు ఆరు తూటాల రివాల్వర్ సరిపోతుంది. అది ఒంటి మీద ఉండాలి, పేలే స్థితిలో ఉండాలి, అంతే. ఈ రెండు షరతుల దగ్గరే చాలామంది తప్పిపోతున్నారు.

ఒంటి మీద అంటే ఒంటి మీదే. కారు డ్యాష్‌బోర్డులో పెట్టిన తుపాకీ దారి కాచినవాడికి దక్కుతుంది, లేదా అద్దం పగలగొట్టినవాడికి. 2016 నిబంధనల ప్రకారం చేతి తుపాకీని బయటికి తీసుకెళ్లేటప్పుడు ఒంటికి తగిలించిన ఒరలోనో, అలాంటి సంచిలోనో, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకోవాలి. పెళ్లిలో, జాతరలో చొక్కా ఎత్తి చూపించేవారు ఈ నిబంధనను మీరుతున్నారు, పైగా తమ దగ్గర ఏముందో, ఎక్కడ ఉందో పగవాడికి తామే చెప్పి పెడుతున్నారు. సంబరాల్లో గాల్లోకి పేల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ శిక్ష ఇంకా కఠినంగా ఉండవలసింది.

పాత నమూనాలను ఒంటిపై మోయడంలో తెలుసుకోవలసిన మెలకువలు కొన్ని ఉన్నాయి. పైకి పొడుచుకొచ్చిన హ్యామర్ కొమ్ము చొక్కా అంచుకో, పంచె మడతకో తగులుకుంటుంది. తీసేటప్పుడు బొటనవేలిని దాని మీద ఆనించి తీస్తే ఆ తగులు ఉండదు. అంతకన్నా ముఖ్యం, కింద పడితే పేలుతుందా అన్నది. కొన్ని పాత రివాల్వర్లలో హ్యామర్ సూది నేరుగా తూటా అడుగున ఉండే మందుబిళ్ల మీద ఆని ఉంటుంది. బండ మీద పడి హ్యామర్‌కు దెబ్బ తగిలితే పేలుతుంది. 1873 నాటి కోల్ట్ వాడినవారు హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచి ఐదు తూటాలే నింపుకోవడం ఈ భయంతోనే. తన రివాల్వర్‌లో హ్యామర్‌ను ఆపే అడ్డు లోపల ఉందో లేదో, ఉంటే అది అరిగిపోలేదో లైసెన్స్ ఉన్న మరమ్మతుదారుతో చూపించుకోకుండా ఆరూ నింపి మోయడం ఇంట్లో పిల్లలున్న మనిషి చేయవలసిన పని కాదు.

ఇక ఎండ. నలభై రెండు డిగ్రీల వేసవిలో మొల దగ్గర చెమట ఆగదు. నల్ల పూత పూసిన పాత ఉక్కుకు ఉప్పు చెమట తగిలితే తుప్పు పట్టడానికి ఎంతో సమయం పట్టదు. తోలు ఒర చెమటను పీల్చి ఇనుముకే అంటిస్తుంది. రాత్రి ఇంటికి రాగానే రివాల్వర్‌ను ఒరలో నుంచి తీసి, ఖాళీ చేసి, పొడి గుడ్డతో తుడిచి నూనె పూయడం రోజువారీ పనిగా ఉండాలి. తూటాలది ఇంకో తంటా. తోలు పట్టీకి కుట్టిన గూళ్లలో నెలల తరబడి ఉంచిన తూటాలను తీసి చూస్తే తోలు తగిలిన చోట ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము మందంగా కనిపిస్తుంది. తోలు పదును చేయడానికి వాడిన ఆమ్లాలకు, చెమటకు ఇత్తడి అలా మారుతుంది. ఆ చిలుముతో తూటా సిలిండర్ గదిలోకి పూర్తిగా దిగదు, అడుగు భాగం కొద్దిగా బయటికి నిలిచి సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది. ఎప్పుడో కొన్న ఆరు తూటాలనే ఏళ్ల తరబడి మోస్తున్న మనిషి చేతిలో ఉన్నది పేలుతుందో లేదో తెలియని ఇనుము. పాతవాటిని గురి సాధనలో పేల్చేసి, మోయడానికి కొత్తవి కొనుక్కోవాలి. ఇంకో జాగ్రత్త, పిస్టల్ తూటా, రివాల్వర్ తూటా రెండింటినీ .32 అనే అంటారు. పిస్టల్‌ది పొట్టిది, ఒత్తిడి ఎక్కువ. కొన్ని రివాల్వర్లలో అది దూరుతుంది కూడా. దూరింది కదా అని పాత వెబ్లీలో పేలిస్తే కీలు, గడియ వదులై తుపాకీతో పాటు చేతికీ ప్రమాదం.

పేల్చిన తరవాత మొదలయ్యే లెక్క మరొకటి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కు ఉంది. ప్రాణం పోతుందని గానీ, తీవ్ర గాయమవుతుందని గానీ సహేతుకమైన భయం కలిగించే దాడి జరుగుతున్నప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా 38వ సెక్షన్ కాపాడుతుంది. ఆస్తి విషయంలో 41వ సెక్షన్ దోపిడీకి, రాత్రివేళ ఇల్లు చొరబడటానికి, నివాసానికి నిప్పు పెట్టడం, పేలుడు పదార్థం ప్రయోగించడం లాంటి వాటికి వర్తిస్తుంది. నాటు బాంబులు పడిన ఊళ్లకు ఈ చివరి మాట ముఖ్యమైనది. 2010లో దర్శన్ సింగ్ కేసులో, పొలం తగాదాలో తుపాకీ పేల్చిన వ్యక్తిని నిర్దోషిగా తేలుస్తూ సుప్రీంకోర్టు, ప్రాణభయంలో ఉన్న మనిషి తన ప్రతిదాడిని తక్కెడలో తూచినట్టు చేయాలని ఆశించకూడదని చెప్పింది. అదే తీర్పు ఈ హక్కు రక్షణకే తప్ప శిక్షించడానికి, పగ తీర్చుకోవడానికి కాదని కూడా చెప్పింది. గొలుసు తెంపుకుని పారిపోతున్న దొంగ వీపు మీద పేల్చిన గుండు ఆత్మరక్షణ కిందికి రావడం చాలా కష్టం. పోలీసులను ఆశ్రయించేంత సమయం ఉన్నప్పుడు హక్కే లేదని 37వ సెక్షన్ అంటుంది. సంతలో, బస్టాండులో పక్కకు పోయిన గుండు ఏ అమాయకుడికి తగులుతుందోనన్న ఆలోచన పేల్చే ముందే ఉండాలి. ఇది చట్టం కోసం మాత్రమే కాదు.

ఇన్ని నిర్ణయాలు ఒకటిన్నర సెకనులో సరిగ్గా జరగాలంటే సాధన ఒక్కటే దారి. ఇక్కడే వ్యవస్థ పూర్తిగా చేతులెత్తేసింది. దరఖాస్తుదారుడు భద్రతా శిక్షణ పొందాలని 2016 నిబంధనలు చెప్పాయి. మంచిదే. కానీ లైసెన్స్ చేతికొచ్చాక ఆ మనిషి మళ్లీ ఎప్పుడైనా గురి చూశాడా అని అడిగేవారు లేరు. 2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. రెన్యువల్ సమయంలో పోలీసు విచారణ, రుసుము ఉంటాయి. పోలీసు శిక్షణ మైదానంలో ఏడాదికి ఒక రోజు, పోలీసు శిక్షకుడి ఎదుట, డబ్బు కట్టించుకుని యాభై తూటాలు పేల్పించే ఏర్పాటు ప్రతి జిల్లాలో చేయవచ్చు. పేల్చలేనివారికి, సిలిండర్ తెరవడం కూడా రానివారికి రెన్యువల్ ఆపవచ్చు. హోదా కోసం తుపాకీ పెట్టుకున్నవారు మొదటి ఏడాదిలోనే వదిలేస్తారు. అవసరం ఉన్నవారు మెరుగవుతారు. అందాకా ఇంట్లో తుపాకీని రెండుసార్లు చూసుకుని ఖాళీ చేసి, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, డమ్మీ తూటాలతో ట్రిగ్గర్ సాధన చేయడం ఎవరికి వారు చేసుకోగలిగిన పని.

ఎన్నికల నోటిఫికేషన్ రాగానే ఆయుధాలు ఠాణాలో అప్పగించాలన్న ఉత్తర్వు వస్తుంది. సీమలో ఉద్రిక్తత ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఓటర్లను బెదిరించకుండా చేయడానికి ఆ ఉత్తర్వు అవసరం కూడా. కాబట్టి ఏడాది పొడవునా తుపాకీ మీద ఆధారపడిన మనిషి ఆ నెలన్నర, రెండు నెలలు అది లేకుండా బతికే తీరును ముందే ఆలోచించుకోవాలి. ఒకే దారిలో, ఒకే వేళకు వెళ్లకపోవడం, ఒంటరిగా వెళ్లకపోవడం, ఇంటి గేటుకు దీపం, కెమెరా. ఇవి మిగతా నెలల్లోనూ ఆరు తూటాల కన్నా ఎక్కువ పని చేస్తాయి. ఠాణా నుంచి తిరిగొచ్చిన రివాల్వర్‌ను అలాగే మొలలో దోపుకోకుండా గొట్టంలోకి వెలుతురు పెట్టి తుప్పు ఉందేమో చూసుకోవాలి.

వారసత్వంగా వచ్చేవాటి సంగతి ఒకటి మిగిలింది. లైసెన్సుదారు చనిపోతేనే కాదు, ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఇరవై ఐదేళ్లుగా ఆయన దగ్గరున్నా వారసుడు లైసెన్స్ అడగవచ్చు. మొత్తం రెండు తుపాకులకు మించకూడదు. అలా తండ్రి వెబ్లీ చేతికొచ్చిన కొడుకు దాన్ని మోయడానికి ముందు నాలుగు చోట్ల చూపించుకోవాలి. హ్యామర్ ఎత్తి ఉన్నప్పుడు సిలిండర్ అటూ ఇటూ ఊగుతోందా, మూసిన గడియ దగ్గర సందు కనిపిస్తోందా, ఎత్తిన హ్యామర్ బొటనవేలితో ముందుకు నెడితే జారుతోందా, సూది మొన విరిగిందా. ఈ పరీక్షలు ఖాళీ తుపాకీతో, లైసెన్స్ ఉన్న మరమ్మతుదారు చేతిలో జరగాలి. ఒక్కదాంట్లో తేడా ఉన్నా మరమ్మతు అయ్యేదాకా బీరువాలో తాళం వేసి ఉంచాలి. మరమ్మతుకు వీలు లేదని తేలితే దాన్ని డీలరుకు అప్పగించి, కాన్పూర్‌లో తయారైన కొత్త .32 తెచ్చుకోవడం మంచిది.